పిస్తోలుకు మఖమల్ పరుపు

పోయిన వారం మా అబ్బాయి దుకాణం నుంచి ఫోన్ చేశాడు. సూర్యాపేటలో వాడికి కార్ల సీటు కవర్ల దుకాణం ఉంది.

"అమ్మా, మిర్యాలగూడ నుంచి ఒకాయన వచ్చిండు. చేతిల చెక్క పెట్టె ఉన్నది. లోపల మఖమల్ అంతా ఎలుకలు కొరికినయట, కొత్తది వెయ్యమంటుండు. మన పని కాదని చెప్పాల్నా?"

ఆ పెట్టెలో ఏం పెడతాడో అడగమన్నాను. వాడు అటు తిరిగి అడిగి, గొంతు తగ్గించి చెప్పాడు. తుంగతుర్తి వైపు ఉండే వాళ్ళ తాత నాటి రివాల్వరట. మళ్ళీ పేలకుండా గొట్టం పూడ్పించి, పోలీసు కాగితాలన్నీ చేయించుకుని, హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటాడట. పాత వస్తువులు దాచుకునే సరదా ఉన్న మనిషి. ఆ పెట్టె లోపలి పని సూర్యాపేటలోనే చేయించారని వాళ్ళ నానమ్మ చెబుతుండేదట.

"పెట్టె తీస్కో. నేను కుడ్త. జిగురు మాత్రం ముట్టకు" అన్నాను.

"ఈ కాలంల మైదా జిగురు ఎవడు పెడ్తడమ్మా" అని వాడు నవ్వాడు. వాడికి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పేటంత కథ అని అనుకోలేదు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు ఎండాకాలంలో మా అమ్మ పోయింది. జ్వరం వచ్చింది, దవాఖానలో చేర్చారు, మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడూ లేదు. చుట్టాలు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ఏడుస్తుంటే, నేను వాళ్ళ చీరల అంచులు చూస్తూ కూర్చునేదాన్ని. ఈ పిల్ల గుండె రాయి అని ఎవరో అన్నారు. రాయి కూడా కాదు. తిమ్మిరెక్కిన కాలు మనదే అని తెలుస్తుంది గాని, గిల్లినా నొప్పి తెలియదు చూడండి, అలా ఉండేది.

మా ఇల్లు హైదరాబాదు, విజయవాడ పోయే రోడ్డు పక్కనే. ముందర దుకాణం, వెనక మేము ఉండే గది, వంటిల్లు. నాన్న లారీలకు, జీపులకు, ట్రాక్టర్లకు సీట్లు చేసేవాడు. ఎప్పుడూ కొత్త రెగ్జిన్ వాసన, కొబ్బరి పీచు వాసన, లారీ వాళ్ళ బీడీల వాసన. వీటన్నిటి మీద అమ్మ పొయ్యి మీద కాచే మైదా జిగురు వాసన. ఆకలి మీద ఉన్నప్పుడు ఆ వాసనకు నోరూరేది. ఒకసారి వేలు పెట్టి నాకబోతే అమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం.

మా ఇంట్లో పనులు ఎవరివి వాళ్ళకు ఉండేవి. కొలతలు తీయడం, కోయడం, మేకులు కొట్టడం నాన్న పని. జిగురు కాచడం, మిషను కుట్టడం అమ్మ పని. నాన్నకు కుట్టు రాక కాదు. ఆమెకు నేర్పింది ఆయనే. కానీ ఆమె చెయ్యి తిరిగాక ఆయన ఆ మిషను మీద కూర్చోవడం నేను చూడలేదు.

అమ్మ పోయాక నాన్న దుకాణం షట్టరు తీయలేదు. కాళ్ళ మిషను దుకాణంలో ఒక పక్కన ఉండేది. దాని పాదం కింద సగం కుట్టిన ఆకుపచ్చ రెగ్జిన్ ముక్క, అమ్మ జ్వరంతో లేచి వెళ్ళిన రోజున ఎలా వదిలిందో అలాగే ఉంది. సూదిలో దారం కూడా అలాగే ఉంది. నాన్న పొద్దున లేచి, మొహం కడుక్కుని, మిషను ఎదుట గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చీకటి దుకాణంలో ఏం చూసేవాడో తెలియదు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, మళ్ళీ పోయి అక్కడే కూర్చునేవాడు.

మమ్మల్ని చూసుకోవడానికి కోదాడ నుంచి అమ్మమ్మ వచ్చింది, మా అమ్మను కన్న తల్లి. సన్నగా, నిటారుగా ఉండేది. కూతురు పోయిందని ఆమె కూడా అందరిలా గుండెలు బాదుకోలేదు. వచ్చిన మర్నాడే వంటిల్లు కడిగి, డబ్బాలన్నీ ఎండబెట్టి, గోంగూర నూరింది. ఆమె చేతి కారానికి నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేవి. చూసినవాళ్ళు పిల్ల ఇప్పటికి ఏడ్చింది అనుకునేవాళ్ళు.

అమ్మమ్మ, నాన్న ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అత్తా అల్లుళ్ళ మధ్య మాటలు ఉండకూడదనేది వాళ్ళ పద్ధతి. ఆయన వస్తే ఆమె తలుపు చాటుకు తప్పుకునేది. ఏం చెప్పాలన్నా నాతోనే. "ఒసే పిల్లా, మీ నాన్నను అన్నానికి లెమ్మను." ఆయన అక్కడే ఉండేవాడు, వినపడేది కూడా. అయినా నేను మళ్ళీ చెప్పాలి. "నాన్నా, అన్నానికి లెవ్వమంటుంది."

వానలు మొదలయ్యాక ఒకనాడు అమ్మమ్మ బియ్యం ఏరుతూ, గోడ అవతలికి వినపడేటట్టు నాతో అంది. "మీ నాన్నకు చెప్పు పిల్లా. దసరా దాకా చూస్తాను. అప్పటికి దుకాణం తెరిచి మనిషిలా పని చేసుకుంటే సరే. లేకపోతే నిన్ను కోదాడ తీసుకుపోయి అక్కడి బళ్ళో వేస్తా. ఆడపిల్లను ఇలాంటి కొంపలో వదిలిపోలేను."

నేను చెప్పడానికి పోలేదు. ఆయన విన్నాడు.

కోదాడంటే ఇష్టం లేక కాదు. సెలవులన్నీ అక్కడే గడిచేవి, అమ్మమ్మ ఊళ్ళో నాకు జట్టు కూడా ఉంది. కానీ నేను పోతే ఆ ఇంట్లో నాన్న ఒక్కడూ గోడకు ఆనుకుని కూర్చుంటాడు, అన్నానికి లెవ్వమని చెప్పేవాళ్ళు ఉండరు. ఏదీ తోచని ఆ రోజుల్లో నాకు ఖాయంగా తెలిసింది అదొక్కటే. నేను నాన్న దగ్గరే ఉండాలి.

అప్పుడు వచ్చాడు పటేలు. తుంగతుర్తి వైపు ఊరాయన. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, ఉన్న భూమి మాత్రం కొంచెమే మిగిలింది. ఆయన ట్రాక్టరుకు అంతకు ముందు మా నాన్నే సీటు చేశాడు. షట్టరు తానే సగం ఎత్తి, కింద నుంచి వంగి లోపలికి వచ్చి, చంకలోని చెక్క పెట్టె నేల మీద పెట్టాడు.

"నీ ఇంటామె పోయిన సంగతి మొన్ననే ఎర్కయిందయ్యా. మంచి మనిషి" అన్నాడు. నాన్న తల ఊపాడు. పటేలు పెట్టె మూత తట్టి అసలు సంగతికి వచ్చాడు.

"మిర్యాలగూడల మా బామ్మర్దికి రైసుమిల్లు ఉన్నది గదా. వాని పిస్తోలు మఖమల్ పరుపు మీద పండుకుంటది. నాది పాత ధోతిల. మా నాయిన సంపాయించిన పిస్తోలు అది, వానిది నిన్నమొన్న కొన్నది. వచ్చినోళ్ళ ముంగట ధోతి ఇప్పి సూపియ్యాలంటే సిగ్గయితుంది. దసరా పూజకు ఇండ్ల పెట్టాలె."

అది మంచి టేకు పెట్టె. పటేలు పెళ్ళిలో ఆయన భార్య పుట్టింటివాళ్ళు వెండి పన్నీరు బుడ్డి, గంధం గిన్నె పెట్టి ఇచ్చారట. వెండి కూతుళ్ళకు పోయింది. ఖాళీ పెట్టెలో బుడ్డి కూర్చునే గుంట, గిన్నె కూర్చునే గుంట అలాగే ఉన్నాయి. లోపలి గుడ్డ చీకిపోయి, ఇంకా గంధం వాసన వేస్తోంది.

"కుట్టేది ఉన్నదా?" అని అడిగాడు నాన్న. ఎన్నో రోజుల తర్వాత బయటి మనిషితో ఆయన మాట్లాడిన మొదటి మాట.

"కుట్టుడేముంది. గుంట చేసి మఖమల్ అతికియ్యి."

నాన్న పెట్టెను దగ్గరకు లాక్కున్నాడు. కుట్టు లేదు కాబట్టే ఆ పని ఒప్పుకున్నాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. మిషను ముట్టనక్కర్లేని పని అది.

"పిస్తోలు ఏది పటేలా? కొలత తీస్కోవాలె."

"ఠాణాల ఉన్నది. ఎలక్షన్లు వచ్చినయి గదా. లైసెన్సు ఉన్నోళ్ళంతా జమ చెయ్యాలె. ఓట్లయినంకనే ఇస్తరు."

"మరెట్ల?"

"మా ఇంటామె చెప్తది రా. దానికి నూనె పెట్టేది, తుడిచేది ఆమెనే. నాకంటే ఆమెకే ఎక్కువ ఎర్క."

ఆదివారం నాన్న నన్ను వెంట తీసుకుని బస్సెక్కాడు. ఎందుకు తీసుకుపోయాడో తెలియదు. పటేలమ్మ లావుగా, నెమ్మదిగా ఉండే మనిషి. మాట పూర్తిగా వినకముందే వంటింట్లోకి పోయి, గోధుమ పిండి తడిపి, ముద్ద తెచ్చి పీట మీద పెట్టుకుంది. చీర కొంగు నడుముకు చుట్టి, కళ్ళు సగం మూసి, పిండితో పిస్తోలు చేయడం మొదలుపెట్టింది. ముందు పిడి, తర్వాత గుండ్లు పెట్టే బుడిపె, తర్వాత గొట్టం.

"గొట్టం గంత పొడుగు ఉండదే" అన్నాడు పటేలు.

"మీకేమెర్క. దసరా నాడు ఫోటోకు పట్టుకునుడే గదా మీరు పట్టుకునేది."

పటేలు మీసం సవరించుకుని బయటికి పోయాడు. ఆమె నన్ను చూసి, నా అరచేతిలో కూడా ఒక పిండి ఉండ పెట్టింది. నేను బుల్లి పిస్తోలు చేయబోయాను, తొండలా వచ్చింది. తర్వాత నువ్వులు, వెల్లుల్లి వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి పెట్టింది. అడుగు ఎర్రగా కరకరలాడుతోంది. దాని రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడాది అంతకు ముందు తిన్నది ఏదీ గుర్తు లేదు.

పిండి పిస్తోలును తడిగుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాము. బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన ఒక ముసలాయన కాళ్ళు బార్లా చాపి, జరగమంటే జరగడు. నేను గుడ్డ కొంచెం తొలగించి, గొట్టం కొన ఆయనకు కనపడేటట్టు తిప్పి, "తాతా, జర జరుగుతవా?" అన్నాను. ఆయన జరగడం కాదు, లేచి కండక్టరు దగ్గరకు పోయి నిలబడ్డాడు. నాన్న చూశాడు. అమ్మైతే తొడపాశం పెట్టేది. నాన్న కిటికీ వైపు తిరిగాడు. తిట్లు తప్పినందుకు సంతోషం కలగాలి. కలగలేదు, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చాక నాన్న వెనక గదిలో నేల మీదే పని పెట్టుకున్నాడు. పెట్టెలోని పాత చెక్క గుంటలు ఊడదీశాడు. పిండి పిస్తోలును దళసరి అట్ట మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీశాడు. ఆ ఆకారంలో అట్టలు కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి గుంట చేశాడు. గుంట అడుగున దూది పరిచాడు. పైన వేయడానికి, పెళ్ళి కుర్చీలకు వాడగా మిగిలిన మెరూన్ రంగు మఖమల్ ఉంది. పని అయ్యేసరికి పిండి పులిసి వాసన కొట్టింది. వృథా చేయడం ఇష్టం లేక అమ్మమ్మ దాన్ని పక్కింటి దూడకు పెట్టింది. దూడ పిస్తోలు తిన్నదని ఆ బజారంతా కొన్నాళ్ళు నవ్వుకున్నారు.

జిగురు నాన్నే కాచాడు. అమ్మమ్మ పొయ్యి ఖాళీ చేసి పక్కకు తప్పుకుంది. మైదా కలిపి, నీళ్ళు పోసి, గరిట తిప్పుతూ, మైలుతుత్తం డబ్బా మూత తీసి ఆగాడు. నీలం గడ్డలు. కాసేపు చూసి, ఒక గడ్డ తీసి నూరి వేశాడు. వాసన మాత్రం అమ్మ కాచినప్పటి వాసనే. నేను గుమ్మంలో నిలబడి పీల్చాను. ఏమైనా అవుతుందేమో అని చూశాను. ఏమీ కాలేదు.

ఓట్లయిపోయాక పటేలు ఠాణా నుంచి రివాల్వరును విడిపించుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. గుంట పిడి దగ్గర కొంచెం వదులైంది, నాన్న అక్కడ దూది కుక్కాడు. రివాల్వరు చక్కగా కూర్చుంది. నల్లగా, నూనె మెరుపుతో, మెరూన్ మఖమల్ మీద పడుకుని ఉంటే పటేలు చూపు మరల్చలేక మరల్చలేక మూత వేశాడు. ఆ రోజుల్లో ముసురు పట్టి ఉంది. గుడ్డ పైకి ఆరినట్టే ఉంది, లోపలి అట్టల్లో తడి ఆరలేదని ఎవరికీ తోచలేదు.

"పెట్టె అయింది గదా" అన్నాను అమ్మమ్మతో ఆ సాయంత్రం.

"పెట్టె అయితే? షట్టరు లేచిందా?" అంది.

షట్టరు లేవలేదు. బతుకమ్మ రోజులు వచ్చాయి. బజారంతా తంగేడు పూల వాసన, పక్కింటి ఆడపిల్లల పాటలు. అమ్మ పోయి ఏడాది తిరగలేదు కాబట్టి ఆ ఏడు మాకు ఆట లేదు. దసరా నాడు పని చేసుకునేవాళ్ళందరూ పనిముట్లకు పూజ చేస్తారు. మేము పండుగ చేయకపోయినా, పనిముట్లకు బొట్టయినా పెట్టాలని అమ్మమ్మ కత్తెర, సుత్తి, దబ్బనం, పట్టకారు కడిగి పీట మీద పెట్టింది. నాన్న ఒక్కొక్కదానికి పసుపు రాసి కుంకుమ పెట్టాడు. అన్నిటికీ పెట్టాక కుంకుమ ఇంకా మిగిలింది. మిషను వైపు చూశాడు. చేతులు కడుక్కున్నాడు. అమ్మమ్మ చూసింది, నేనూ చూశాను. ఇక కోదాడే అని ఇద్దరికీ తెలిసిపోయింది.

మధ్యాహ్నం పటేలు వచ్చాడు. పెద్ద గొంతుతో కాదు. పెట్టె కింద పెట్టి మూత తీశాడు. రివాల్వరును తిప్పి రెండో పక్క చూపించాడు. గుడ్డకు ఆనిన పక్కంతా మచ్చలు మచ్చలుగా ఎర్రగా ఉంది. తుప్పు ఎరుపు కాదు. కొత్త రాగి చెంబు ఎరుపు.

"పొద్దున పూజకు తీస్తే గిట్ల ఉన్నది. మా ఇంటామె కుంకుమ పడ్డదనుకొని తుడిచింది. పోలే. నూనె పెట్టి రుద్దింది. పోలే. ఇంటికి ఏం కీడు వస్తదో అని పొద్దటిసంది ముద్ద ముట్టలే ఆమె. జిగురుల ఏం కలిపినవయ్యా?"

"మైలుతుత్తం పటేలా. పురుగు పట్టకుండ."

"అందరు కలిపేదే గదా. ఎంత కలిపినవ్?"

నాన్న తల వంచుకున్నాడు. "ఎంతో నాకు తెల్వది పటేలా. ఆమె కలిపేది."

తలుపు చాటున అమ్మమ్మ గాజులు చప్పుడయ్యాయి. పటేలు రివాల్వరును మళ్ళీ పాత ధోతిలో చుట్టి, పెట్టెను మా దగ్గరే వదిలాడు. "మళ్ళ చెయ్యి. తీరిగ్గనే చెయ్యి" అని షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

ఆ ఎరుపు సంగతి నాకు పై తరగతిలో తెలిసింది. సైన్సు సారు మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళలో ఇనుప మేకు ముంచి తీస్తే, మేకు ఎర్రగా వచ్చింది. మేకు మీద రాగి పేరుకుంటుందన్నారు సారు. పిల్లలందరూ ముందుకు తోసుకుని చూశారు. నేను చూసిందే కాబట్టి వెనక బెంచీలో కూర్చున్నాను.

పటేలు అటు పోగానే అమ్మమ్మ అంది. "ఎల్లుండి పొద్దున బస్సుకు పోదాం పిల్లా. బట్టలు సర్దుకో." ఈసారి మీ నాన్నకు చెప్పు అనలేదు. నేను రేకు పెట్టె దించి, లంగాలు, జాకెట్లు, పుస్తకాలు సర్దాను. చేతులు పని చేస్తున్నాయి. ఉంటానని చెప్పాలని ఉంది. ఎవరికి చెప్పాలో, చెబితే ఎవరు వింటారో అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున నాన్న పెట్టెలోని మఖమల్, అట్టలు అన్నీ పీకేశాడు. పాత అట్టలను కొలతగా పెట్టుకుని కొత్త అట్టలు కోశాడు. ఈసారి జిగురు పెట్టదలచుకోలేదు. జిగురు లేకపోతే ఒకటే దారి. మఖమల్‌ను గలేబులా కుట్టి, అట్టకు తొడిగి, వెనక నుంచి దారంతో బిగించి లాగాలి. చేత్తో కుట్టి చూశాడు. మఖమల్ జారిపోయి కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ వంకర. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

తర్వాత లేచి దుకాణంలోకి పోయాడు. షట్టరు పూర్తిగా ఎత్తాడు. అంత వెలుతురు ఒక్కసారి రావడంతో మిషను మీద దుమ్ము తెల్లగా కనపడింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆయన మిషను పాదం ఎత్తి, ఆకుపచ్చ రెగ్జిన్ ముక్కను మెల్లగా బయటికి తీసి, దారం కత్తిరించి, ముక్కను మడిచి బల్ల కింది డ్రాయరులో పెట్టాడు. స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఆనించాడు. మొదట చక్రం బిగుసుకుని ఉంది. నూనె వేసి, చేత్తో తిప్పి, మళ్ళీ తొక్కాడు. ఈసారి తిరిగింది.

ఆ చప్పుడు ఎలా ఉండేదో మరచిపోయాను అనుకున్నాను. మరచిపోలేదు. నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో పగలంతా ఉన్నది ఆ చప్పుడే. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, మిషను తిరుగుతోంది, వంటింట్లో అమ్మమ్మ పప్పు తాలింపు పెడుతోంది. ఒక్క క్షణం అంతా మామూలుగా ఉంది.

అప్పుడు వంటింట్లో నుంచి అమ్మమ్మ కేక వేసింది.

"అమ్మాయ్, ఇక చాలుగాని లేచి రా. అన్నం చల్లారిపోతోంది."

అమ్మమ్మ నన్ను పిల్లా అంటుంది. అమ్మాయ్ అని పిలిచేది మా అమ్మను ఒక్కదాన్నే.

మిషను ఆగింది. వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగింది. తాలింపు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదలలేదు. నేను అటు చూడలేదు, ఇటు చూడలేదు. నేల మీద ఒక దారప్పోగు ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"వస్తున్న అత్తమ్మా" అన్నాడు నాన్న. "ఈ ఒక్క కుట్టు అయిపోనీ."

నాతో చెప్పలేదు. నేరుగా ఆమెతోనే అన్నాడు. మళ్ళీ తొక్కాడు. కుట్టు పూర్తి చేసి, లేచి, కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మమ్మ ఆ రోజు తలుపు చాటుకు పోలేదు. మాడిన పప్పే వడ్డించింది. ముగ్గురం తిన్నాం.

ఆ సాయంత్రమే ఒక లారీ వాడు తెరిచిన షట్టరు చూసి ఆగి, చిరిగిన సీటు దించిపోయాడు. మర్నాడు పొద్దున అమ్మమ్మ తన సంచి ఒక్కటే తీసుకుంది. నా రేకు పెట్టె మూల నుంచి కదల్లేదు. బస్టాండు దాకా నేనే తోడు పోయాను. గెలిచానని నాకు తెలుసు. ఆ మాట పైకి అనకుండా ఆమె పక్కన నడుస్తున్నాను.

"దీపావళికి వస్తవా అమ్మమ్మా?" అని అడిగాను.

ఆమె బస్సు బోర్డు వైపు చూస్తూ అంది. "నిన్ను తీసుకుపోకపోతే నేనే ఇక్కడ ఉండిపోదామనుకున్నానే పిల్లా. మీకు వండి పెడుతూ. కానీ ఆ మిషను చప్పుడు వింటుంటే మీ అమ్మే లోపల కూర్చుని ఉందనిపిస్తోంది. పిలిస్తే వస్తుందనిపిస్తోంది. నా వల్ల కాదు."

కోదాడ బస్సు వచ్చింది, ఎక్కింది. నేను చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. నాన్న దగ్గర ఉండాలని కోరుకున్నాను, ఉన్నాను. అమ్మమ్మ కూడా ఉండేదేమో అన్న ఆలోచన ఆ బస్టాండులో నిలబడ్డాకే నాకు వచ్చింది. అప్పుడూ ఏడవలేదు. ఎండ ఎక్కువగా ఉందని నీడన నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

పటేలు పెట్టె పని పూర్తయింది. ఈసారి మఖమల్ మీద రివాల్వరుకు ఏమీ కాలేదు. పాత ఎరుపు మాత్రం పోలేదట. పటేలమ్మ ఆ పక్కను కిందికి పెట్టి పడుకోబెట్టేదట. చూడవచ్చినవాళ్ళకు పై పక్కే కనపడేది. పటేలు బామ్మర్దిని మిర్యాలగూడ నుంచి పనిగట్టుకుని పిలిపించి చూపించాడని విన్నాం.

అమ్మమ్మ మళ్ళీ మా ఇంట్లో ఉండటానికి రాలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు నన్ను చూడటానికి వచ్చేది. బస్సు దిగి, మా దుకాణానికి ఎదురుగా రోడ్డు అవతల టీ కొట్టు బెంచీ మీద కూర్చునేది. లోపల నుంచి నాన్న ఆమెను చూసి మిషను ఆపేవాడు. చేతిలో ఎంత తొందర పని ఉన్నా సరే, లారీ వాడు నెత్తి మీద నిలబడ్డా సరే. చప్పుడు ఆగాక ఆమె లేచి రోడ్డు దాటి వచ్చేది. ఆమె ఉన్నంతసేపూ ఆయన సుత్తి పనో, కోత పనో చేసుకునేవాడు. ఆమె బస్సెక్కాకే మళ్ళీ తొక్కేవాడు. ఇలా చేద్దామని వాళ్ళిద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. నాతో చెప్పించుకోనూ లేదు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

నాకు పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజుల్లో కోదాడ నుంచి కబురు వచ్చింది, అమ్మమ్మ పోయిందని. కబురు తెచ్చిన మనిషి రోడ్డు అవతలే నిలబడి చెప్పాడు. నాన్న మిషను ఆపాడు. చక్రం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను లోపల నుంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఇగ ఆపే పని లేదు బిడ్డా" అన్నాడు.

మిగిలిన కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, షట్టరు దించాడు. ఇద్దరం కోదాడ బస్సెక్కాము.